ఎండకు పెట్టిన సోఫా

ఆ శనివారం ఉదయం ఇంజినీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లంతా ఒకసారి వాక్యూమ్ పెట్టడం, తడిగుడ్డతో తుడవడం, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, నాలుగింటికి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ వస్తే నవ్వుతూ తలుపు తీయడం. భార్య పళ్ళ డాక్టరు. శనివారాలు కూడా క్లినిక్ ఉంటుంది. ఆవిడ గుమ్మంలో వంగి బూట్లు వేసుకుంటూ మరీ మరీ చెప్పింది.

"వాక్యూమ్ పెట్టండి, తుడవండి, ఊరుకోండి. కొత్త ఆలోచనలేవీ చెయ్యకండి. సాయంత్రం ఆవిడ సరేనంటేనే మనకీ ఇల్లు."

"ఆ మాత్రం నాకు తెలీదా?" అన్నాడు ఇంజినీరు చిరాగ్గా.

"తెలుసు. అయినా భయమే," అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

భయానికి కారణం లేకపోలేదు. ఆ పరాయిదేశపు ఊరికి వచ్చిన కొత్తలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంటి కోసం కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగారు. ప్రతి ఇంటివాడూ ఒకటే ప్రశ్న. ఇంతకుముందు ఈ ఊళ్ళో ఎవరింట్లో అద్దెకున్నారు? ఎవరింట్లోనూ లేం, ఇప్పుడే దిగాం అంటే, అయితే ఎక్కడైనా కొన్నాళ్ళుండి రండి అనేవారు. ఎక్కడైనా అంటే ఎక్కడో ఎవరూ చెప్పలేదు. చివరికి ఈ ఇంటావిడొకతె జాలిపడి, మూడు నెలలు ఉండండి, ఇల్లు ఎలా ఉంచుకుంటారో చూసి ఆ తర్వాత ఏడాదికి రాసిస్తానంది. ఆ మూడు నెలలూ ఈ శనివారంతో సరి. ఆవిడ కాదంటే మళ్ళీ పెట్టెలు సర్దుకుని రోడ్డున పడాలి. పైగా ఇప్పుడు అత్తగారు కూడా వచ్చి ఉంది.

ఇల్లు సామాన్లతో సహా ఇచ్చింది ఇంటావిడ. హాల్లో పులికాళ్ళ సోఫా, ఊగే కుర్చీ, గుండ్రటి టేబులు, మనిషంత ఎత్తు స్టాండు లైటు. అన్నీ ముదురు గోధుమరంగువే. అన్నిటి మీదా చెక్కిన ద్రాక్షగుత్తులే. తాళాలిచ్చిన రోజున ఆవిడ ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి, "ఇవన్నీ మా అత్తగారివి," అంది. అలా అంటున్నప్పుడు ఆవిడ మొహం బిగుసుకుపోయింది. ఇంజినీరు దాన్ని హెచ్చరిక కింద తీసుకున్నాడు. ఆ రోజునుంచి సోఫా అంచున కూర్చోవడం తప్ప వెనక్కి వాలింది లేదు. ఊగే కుర్చీ ఒక్కటే భయం లేకుండా వాడుకునేవాడు. కానీ అందులో రెండు ఊపులు ఊగాడో లేదో, కింది అంతస్తు పెద్దాయన చేతికర్రతో పైకప్పు మీద ఠక్ ఠక్‌మని కొట్టేవాడు. పరాయివాళ్ళంటే గిట్టదు కాబోలు అనుకుని ఇంజినీరు ఊగడం మానకుండా బాధపడుతూ ఉండేవాడు.

ఆ ఊళ్ళో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది. అది ముందుగా ఎవరూ చెప్పరు. తప్పు చేశాక మాత్రం దారినపోయేవాడు కూడా ఆగి చెప్పి వెళతాడు. ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో తెలుసుకునేసరికి ఇంజినీరుకు తల ప్రాణం తోకకొచ్చింది. అయితే ఒక్క విషయంలో మాత్రం అతనికి ఆ ఊరంటే అపారమైన గౌరవం. జనం తమ ఇళ్ళముందు పేవ్‌మెంటు మీద కుర్చీలు, పుస్తకాల అరలు, ఒక్కోసారి టీవీలు కూడా వదిలేసి లోపలికి వెళ్ళిపోతారు. కాపలా ఉండదు. ఈ సంగతి అత్తగారికి వచ్చిన రోజే చెప్పాడు.

"ఇక్కడ దొంగతనమన్న మాటే లేదు అత్తయ్యగారూ. ఎక్కడి వస్తువు అక్కడే ఉంటుంది."

"మర్నాటికి కూడా ఉంటుందా బాబూ?" అని ఆవిడ అడిగింది.

"మర్నాటికి వాళ్ళే లోపల పెట్టుకుంటారు," అన్నాడు ఇంజినీరు ధీమాగా.

సరే, శనివారం సంగతికి వద్దాం. వాక్యూమ్ మెషీను బుర్రుమనేసరికి అత్తగారు వంటింట్లోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నారు బాబూ?"

"ఇల్లు శుభ్రం చేస్తున్నానండీ."

"అదా? అది పైపైన దుమ్ము పీలుస్తోంది. కడిగేదెప్పుడు?"

"ఇక్కడ కడగరు అత్తయ్యగారూ. తుడుస్తారు."

అల్లుడు స్నానం చెయ్యను, ఊరికే మొహం తుడుచుకుంటానన్నట్టుగా ఆవిడ చూసింది. "మూణ్ణెల్లుగా కడగలేదా?" అని చాలా మెల్లగా అడిగింది. "ఇంటావిడ చూడ్డానికొస్తుంటే కడగని ఇల్లు చూపిస్తామా? మా అమ్మాయి బుద్ధే అంత, మీరైనా పెద్ద చదువు చదివారు. నీళ్ళు పోసి కడిగితే నేల అద్దంలా ఉంటుంది. ఆవిడ మొహం అందులో కనబడాలి."

ఇంజినీరు నీళ్ళు నమిలాడు. భార్యకైతే వద్దని చెప్పగలడు. ఆఫీసులో ఆఫీసరుకూ చెప్పగలడు. అత్తగారు 'బాబూ' అని పిలిచి అడిగితే కాదనే శక్తి అతనికి పెళ్ళినాటినుంచీ లేదు. ఈలోగా ఆవిడ పెట్టె తెరిచి పుల్లల చీపురు తీసింది. విమానాశ్రయంలో అధికారులు దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఆవిడ ఊడ్చి చూపించాక గాని వదల్లేదట. అంత కష్టపడి తెచ్చిన చీపురును పెట్టెలో పెట్టుకుని తిరిగి వెళ్ళమనడం ఎలా?

నీళ్ళు పోస్తే సోఫా కాళ్ళు తడుస్తాయి. కాబట్టి ముందు సామాన్లు బయటికి పోవాలి. మెట్ల మీద ఏమీ పెట్టకూడదని కింది పెద్దాయన ఇంతకుముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. వీధిలో చూస్తే, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఊళ్ళో ఆ రోజు నిండు ఎండ కాస్తోంది.

"దేవుడిచ్చిన ఎండ," అంది అత్తగారు. "పేవ్‌మెంటు మీద పెడదాం. సోఫాలో నల్లులుంటే చస్తాయి."

టేబులు, లైటు ఎలాగో దించారు. సోఫా దగ్గర ఇద్దరికీ ఊపిరాగిపోయింది. సగం మెట్ల మీద అది అడ్డం తిరిగి, పైకీ రాదు, కిందికీ పోదు. అప్పుడు వీధిలో పోతున్న ఒకాయన తొంగి చూసి, టోపీ తీసి, సాయం చెయ్యనా అని అడిగాడు. చాలా మర్యాదస్థుడు. సోఫా ఒక చివర పట్టుకుని అవలీలగా దించాడు. ఊగే కుర్చీనైతే ఒక్కడే ఎత్తుకుని దించాడు.

దించాక దాన్ని చేత్తో నిమిరి, "మీకు దీంతో పని లేదా?" అని అడిగాడు. వాళ్ళ భాషలో జరిగిన మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాం. ఇంజినీరుకు అర్థమైనవి కూడా ఇవే.

"ప్రస్తుతానికి లేదు," అన్నాడు ఇంజినీరు చెమట తుడుచుకుంటూ.

"నిజంగానా? బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించడానికేముందండీ," అన్నాడు ఇంజినీరు.

"చాలా చాలా థాంక్స్," అని మర్యాదస్థుడు రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. మెట్లెక్కుతూ ఇంజినీరు మురిసిపోయాడు. సాయం చేసినవాడే థాంక్స్ చెప్పే ఊరు ఇంకెక్కడైనా ఉందా?

ఇంజినీరు లుంగీ పైకి మడిచి కట్టాడు. అత్తగారు కొంగు బిగించింది. మొదటి బకెట్టు పోశారు. రెండో బకెట్టూ పోశారు. పుల్లల చీపురు సర్‌సర్‌మని నాట్యం చేసింది. నురుగు లేచింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఇంజినీరుకు సొంత ఇంట్లో ఉన్నట్టనిపించి, చిన్న కూనిరాగం కూడా తీశాడు. మూడో బకెట్టు పోసి అత్తగారు నడుం ఎత్తింది.

"బాబూ, తూమెక్కడ?"

ఇంజినీరు ఈ మూల చూశాడు, ఆ మూల చూశాడు. వంటింటి గడప కింద చూశాడు. బాల్కనీ తలుపు తీసి చూస్తే దాని గడప హాలు కంటే జానెడు ఎత్తుంది. అతను ఏ ఇంజినీరో ఇప్పటిదాకా చెప్పలేదు. మురుగు కాలువల ఇంజినీరు. ఊళ్ళకు ఊళ్ళు పడ్డ వానను ఎటు పంపాలో గీసి ఇవ్వడమే అతని ఉద్యోగం. ఆ పనికే ఈ దేశం వాళ్ళు పిలిచి మరీ తీసుకొచ్చారు.

"తూము లేదండీ," అన్నాడు నీరసంగా.

"తూము లేకుండా ఇల్లెలా కట్టారు?"

"కడగరు కాబట్టి."

నీళ్ళకు మాత్రం ఈ చర్చతో పని లేదు. అవి చెక్కపలకల సందుల్లోంచి తమ దారి తాము చూసుకున్నాయి. కిందనుంచి ఠక్ ఠక్‌మని రెండు దెబ్బలు వినబడ్డాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. తలుపు గంట మోగింది. తీస్తే గుమ్మంలో కింది పెద్దాయన, తెరిచిన గొడుగుతో నిలబడి ఉన్నాడు.

"నా పడకగదిలో వాన పడుతోంది," అన్నాడు. "మీ ఇంట్లో ఎలా ఉందో చూద్దామని వచ్చాను."

ఇంజినీరు చేతులు జోడించాడు. అత్తగారు, భాష తెలియకపోయినా, తప్పు ఎవరిదో తెలుస్తున్నందున, మజ్జిగ తాగుతారా అని అడిగింది. పెద్దాయన మోకాలిదాకా మడిచిన లుంగీనీ, పుల్లల చీపురునూ, చెరువులా ఉన్న హాలునూ వరసగా చూశాడు. "నాలుగింటికి ఇంటావిడ వస్తోందట కదా. నేనూ వస్తాను," అని గొడుగు ముయ్యకుండానే దిగిపోయాడు.

ఇక కొంప మునిగినట్టే. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళు, దుప్పట్లు, చివరికి అత్తగారి నేత చీరలు రెండు, అన్నీ నేలమీద పరిచి పిండారు, మళ్ళీ పరిచి మళ్ళీ పిండారు. పిండిన నీళ్ళు పారబోయడానికి కిటికీ దగ్గరికి వెళ్ళిన ఇంజినీరు అలాగే కొయ్యబారిపోయాడు. వీధి మలుపులో పులికాళ్ళ సోఫా నడిచి వెళుతోంది. దాని కింద నాలుగు మనిషి కాళ్ళున్నాయి.

"దొంగలు!" అని అరిచి, ఆ లుంగీతోనే మెట్లు దూకాడు.

సోఫాను తలలమీద పెట్టుకుని వెళుతున్నవాళ్ళు ఇద్దరు కాలేజీ విద్యార్థులు. ఆగమనగానే ఆగారు. పారిపోయే ఉద్దేశం వాళ్ళ మొహాల్లో ఎక్కడా లేదు. పైగా ఒకడు, "మీకూ కావాలా? మేము ముందొచ్చాం," అన్నాడు.

"అది నాది!" అన్నాడు ఇంజినీరు రొప్పుతూ.

"పేవ్‌మెంటు మీదుంది కదా?"

"ఉంటే?"

విద్యార్థులు మొహాలు చూసుకున్నారు. తర్వాత పసిపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. పేవ్‌మెంటు మీద పెట్టారంటే అక్కర్లేదని అర్థం. కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. ఊరంతా అదే పద్ధతి.

ఇంజినీరుకు కళ్ళు తిరిగినంత పనైంది. తను మూడు నెలలుగా గౌరవిస్తున్నది ఊరి నిజాయితీని కాదన్నమాట, ఊరి చెత్తను. "మరి ఎవరైనా ఎండకు పెట్టుకుంటే?" అని ఏడవలేక నవ్వుతూ అడిగాడు.

"సోఫాని ఎండకెందుకు పెడతారు?" అని రెండోవాడు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

నల్లుల సంగతి వాళ్ళ భాషలో చెప్పడం అతని వల్ల కాలేదు. వేళ్ళతో చూపించి, గోక్కుని చూపించాడు. ఆ మాట అర్థమవగానే ఇద్దరూ సోఫాను గభాలున కింద దించేశారు. ఇప్పుడు అది వాళ్ళకు వద్దు. నల్లులు లేవనీ, ఉంటే చస్తాయని మాత్రమే పెట్టామనీ ప్రమాణాలు చేసి, బతిమాలి, వాళ్ళచేతే దాన్ని తిరిగి ఇంటిదాకా మోయించేసరికి ఇంజినీరుకు తల బొప్పి కట్టింది. తీరా వచ్చి చూస్తే లైటు లేదు. ఊగే కుర్చీ లేదు. టేబులు ఒక్కటే ఉంది.

"అత్తయ్యగారూ, మీరు కిందికి వచ్చి టేబులు దగ్గర కూర్చోండి. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి," అని కేకవేసి, లైటు వెతకడానికి బయల్దేరాడు.

లైటు దూరం పోలేదు. ఎదురుగా ఉన్న సెలూన్‌లో నిలబడి అప్పటికే వెలుగుతోంది. దాని కింద ఒకాయన గడ్డం గీయించుకుంటున్నాడు. సెలూన్ నడిపే ఆవిడ మాటకారి. ఇంజినీరు చెప్పిందంతా విని జాలిపడి, "తప్పకుండా పట్టుకెళ్ళండి. ఈయన గడ్డం ఒక చెంప మిగిలింది, అయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చోండి," అంది. కూర్చున్నాడు. గడ్డం అయ్యాక ఆవిడ ఇటు తిరిగి, అతని మెడచుట్టూ గుడ్డ కట్టింది. వద్దు అనడానికి నోరు తెరిచేలోపు చెవి వెనక మెషీను బుర్రుమంది.

"నేను లైటు కోసం..."

"ఇస్తానన్నాను కదా! ఎదురింటివాళ్ళం, మీ దగ్గర ఏమీ తీసుకోను. పాపం, ఎన్నాళ్ళయింది మీరు జుట్టు కత్తిరించుకుని!"

నిజమే, చాలా రోజులైంది. ఎలా కత్తిరించాలో చెప్పడం రాక మూడు నెలలుగా సెలూన్ ఛాయలకే రాలేదు. సరే, కానిమ్మని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి కుడివైపు శుభ్రంగా అయిపోయింది. అద్దంలో తన తల పక్కన వీధి కనబడుతోంది. ఆ వీధిలో ఎవరో ఒకావిడ గుండ్రటి టేబులు చంకన పెట్టుకుని వెళుతోంది. అత్తగారు లేచి నిలబడి ఆవిడకు చెయ్యి ఊపుతోంది.

ఇంజినీరు మెడలో గుడ్డతో, చేతిలో లైటుతో, సగం తలతో వీధిలో పడ్డాడు. టేబులావిడ అప్పటికే కారెక్కి వెళ్ళిపోయింది.

"అత్తయ్యగారూ! ఇచ్చేశారా?"

"ఊరికే ఇస్తానా?" అంది అత్తగారు. ఆవిడ చుట్టూ పేవ్‌మెంటు మీద ఓ పసిపిల్లల తోపుడుబండి, చేపల తొట్టె, పిండి జల్లెడ, గోడ గడియారం, ఇంకా ఏవేవో పేరుకుని ఉన్నాయి. దారినపోయేవాళ్ళు ఇక్కడేదో పంపకం జరుగుతోందనుకుని, ఇళ్ళలోంచి తెచ్చి మరీ పెట్టి పోతున్నారు. "ఆ టేబులు కుంటిది బాబూ, కాలి కింద మీరు పెట్టిన అట్టముక్క ఇప్పటికీ అక్కడే ఉంది. ఆవిడ తెచ్చిన టేబులు చూడండి, నాలుగు కాళ్ళూ నేలకి ఆనుతున్నాయి. నేను దీన్ని చూపించి దాన్ని చూపించాను, ఆవిడ సరేనని తలూపింది. ఈ ఊళ్ళో ఎవరికి అక్కర్లేనివి వాళ్ళు బయట పెడతారు, కావలసినవాళ్ళు పట్టుకుపోతారు. మూణ్ణెల్లుగా ఉంటున్నారు, మీకు తెలీలేదా?"

ఇంజినీరు అక్కడే, నాలుగు కాళ్ళూ ఆనే టేబులు మీద కూలబడ్డాడు. దారినపోతున్న ఒకాయన ఆగి, అతన్ని ఎగాదిగా చూసి, మళ్ళీ నడిచాడు.

భార్య క్లినిక్ నుంచి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. దారినపోయేవాళ్ళ సాయంతో సోఫా, లైటు, పరాయి టేబులు హాల్లోకి చేరాయి. చేపల తొట్టె కూడా చేరింది, అత్తగారు వదల్లేదు. నేల తడిగానే ఉంది. ఊగే కుర్చీ ఉండాల్సిన చోట రెండు పాత గీతలు మాత్రం ఉన్నాయి. ఆవిడ గుమ్మంలోనే ఆగి మొగుడి వంక చూసింది.

"తలకేమైంది?"

"సగం అయింది."

"మిగతా సగం?"

"టేబులు వెనక పోయింది," అన్నాడు ఇంజినీరు. "నన్నేం అడక్కు. ఇల్లు పోయినట్టే. రేపట్నుంచి మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి. ఈ ఊళ్ళో నడవాలన్నా నిలబడాలన్నా ఏదో ఒక పద్ధతి ఉంటుంది, నాకు మాత్రం ఎవడూ చెప్పడు. నాకు చేతకాదు బాబూ ఈ ఊరు."

ఆవిడ తిట్టడానికే నోరు తెరిచింది. అతని మొహం చూసి మూసేసింది. సంచిలోంచి దువ్వెన తీసి, ఉన్న జుట్టును లేనివైపుకు దువ్వడానికి ప్రయత్నించింది. జుట్టు చాలలేదు. ఈలోగా గంట మోగింది.

ఇంటావిడ లోపలికి వచ్చింది. ఆవిడ వెనకే, చెప్పినట్టుగానే, మూసిన గొడుగుతో కింది పెద్దాయన వచ్చాడు. ఇంటావిడ నేల చూసింది. అత్తగారన్నట్టు నేల అద్దంలానే ఉంది, అక్కడక్కడా నీళ్ళు నిలిచి ఆవిడ మొహం నిజంగానే కనబడుతోంది. సోఫా చూసింది, చిన్నగా నిట్టూర్చింది. లైటు చూసింది, మళ్ళీ నిట్టూర్చింది. టేబులు దగ్గర చటుక్కున ఆగింది.

"ఇది మా టేబులు కాదు."

ఇంజినీరు ఇక దాచలేకపోయాడు. కడగడం, తూము, ఎండ, మర్యాదస్థుడు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "టేబులు ఎక్కడికి పోయిందో తెలీదండీ. ఊగే కుర్చీ కూడా పోయింది. మీ అత్తగారి వస్తువులు. ఊరంతా తిరిగైనా వెతికి తెస్తాను. మమ్మల్ని మాత్రం..."

"ఆగండి," అంది ఇంటావిడ. "కుర్చీ పోయిందా? నిజంగా పోయిందా?"

"పోయిందండీ."

"పట్టుకుపోయినవాడి ఇల్లు మీకు తెలీదు కదా?"

"తెలీదండీ."

ఇంటావిడ సోఫాలో కూలబడింది. ఇంజినీరు గబగబా మంచినీళ్ళు తెచ్చేసరికి ఆవిడ నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"మీకెలా చెప్పను!" అంది. "ఈ ద్రాక్షగుత్తులతో నేను కాపురానికొచ్చిన రోజునుంచీ వేగుతున్నాను. మా అత్తగారు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. నీ చేత్తో వీటిని బయట పెట్టకూడదని నాచేత ఒట్టు వేయించుకుంది. రోజూ భోజనాల దగ్గర, నా కుర్చీ ఎలా ఉందని అడుగుతుంది. ఎవరైనా పాడుచేస్తారన్న ఆశతోనే ఈ ఇల్లు సామాన్లతో సహా అద్దెకిస్తున్నాను. ఏం లాభం? వచ్చినవాళ్ళందరూ బుద్ధిమంతులే. ఒక గీత పడనివ్వరు. మీరు కొత్తవాళ్ళని తెలిసి, మీకు ఇవ్వాలనిపించింది. మూడు నెలల తర్వాత వచ్చి చూస్తే అన్నీ నిగనిగలాడుతూ ఉంటాయేమోనని ఈ పొద్దున్నుంచీ నాకు గుండెదడ."

భార్య ఇదంతా తెలుగులో చెప్పింది. విన్న అత్తగారు ఇంటావిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పాపం, ఈవిడకీ అత్తగారుందన్నమాట," అంది.

ఇంజినీరు అనుమానంగా పెద్దాయన వైపు తిరిగాడు. అటువైపు ఇంకా వాన కురవాల్సి ఉంది.

"పైకప్పు మరక రంగు వేస్తే పోతుంది," అన్నాడు పెద్దాయన. "ఆ కుర్చీ పోయిందన్నారు చూడండి, అది చాలు. కిర్రు, కిర్రు, కిర్రు. ఎవరు అద్దెకొచ్చినా అందులోనే కూర్చుంటారు. ఇన్నేళ్ళుగా కర్రతో కొడుతున్నాను, ఒక్కడికీ అర్థం కాలేదు."

ఇంటావిడ ఒప్పందం కాగితాలు పరాయి టేబులు మీద పరిచి కలం మూత తీసింది. మూడు నెలల తర్వాత ఇంజినీరు మొదటిసారి సోఫాలో వెనక్కి వాలాడు. సరిగ్గా అప్పుడు తలుపు గంట మళ్ళీ మోగింది.

గుమ్మంలో మర్యాదస్థుడు నిలబడి ఉన్నాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. భుజం మీద ఊగే కుర్చీ ఉంది.

"సెలూన్‌లో ఇప్పుడే విన్నాను," అన్నాడు ఎంతో నొచ్చుకుంటూ. "మీరు పారేసింది కాదట కదా ఇది. క్షమించండి. అందుకే పొద్దున అన్నిసార్లు అడిగాను. ఊరి ఆ చివరనుంచి మోసుకొస్తున్నాను."

ఇంటావిడ కలం కాగితానికి కాస్త పైన ఆగిపోయింది. పెద్దాయన గొడుగును గట్టిగా పట్టుకున్నాడు. ఇంజినీరుకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద ఊళ్ళో అసలు సిసలు నిజాయితీపరుడు ఒక్కడుంటే, వాడు సరిగ్గా ఈ వేళకే తగలాలా?

"బాబూ," అని అత్తగారు వెనకనుంచి నెమ్మదిగా అంది. "నేల ఇంకా ఆరలేదు."

ఇంజినీరు అత్తగారి వంక చూశాడు. తర్వాత సోఫా వంక చూశాడు. మూడు నెలల్లో మొదటిసారిగా, ఎవరూ చెప్పకుండానే, అతనికి ఆ ఊరి పద్ధతి పూర్తిగా అర్థమైంది.

"కుర్చీ మీదేనండీ," అన్నాడు మర్యాదస్థుడితో. "పేవ్‌మెంటు మీద ఉన్నది ఎవరు తీసుకుంటే వాళ్ళదే. మేం కొత్తవాళ్ళమైనా ఊరి పద్ధతి ఊరి పద్ధతే. కాకపోతే ఒక్క సాయం చేసిపెట్టాలి. ఇల్లు కడిగాం, నేల తడిగా ఉంది. ఈ సోఫా కూడా కాస్త ఎండకు పెట్టాలి."

కలం కాగితం మీద చకచకా నడిచిన చప్పుడు వినబడింది. తర్వాత మర్యాదస్థుడు ఒక చివర, ఇంజినీరు, భార్య రెండో చివర, అత్తగారు, పెద్దాయన మధ్యలో పట్టి సోఫాను లేపారు. ఇంటావిడకు ఒట్టు గుర్తుకొచ్చి దాన్ని ముట్టుకోలేదు. తలుపు మాత్రం బార్లా తెరిచి పట్టుకుంది.

బయట అప్పటికే సన్నగా వాన మొదలైంది. సోఫాను ఎండకు పెట్టి అందరూ పైకి వచ్చేశారు.